కారు కంప్యూటర్‌కు ఎర్త్ ఎక్కడ? నాలుగు వాదాలు, ఒక కొలత

కడప నుంచి వేంపల్లె మీదుగా పులివెందుల పోయే దారిలో ఇవాళ తిరిగే బండ్లలో ఇంజన్ కంప్యూటర్ లేనివి తగ్గిపోతున్నాయి. చీనీకాయలు, అరటిగెలలు మోసే పికప్‌లు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి వచ్చిపోయే కార్లు, కొత్త మోటార్ సైకిళ్లు, వీటిలో చాలావాటికి ఇంధనం ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలో నిర్ణయించేది ఒక చిన్న లోహపు డబ్బాలోని కంప్యూటరే. దాన్ని ఈసీఎం అనీ, ఈసీయూ అనీ అంటారు. బండి ఉన్నట్టుండి మిస్సింగ్ కొట్టినా, చెక్ లైట్ వెలుగుతూ ఆరుతూ ఉన్నా, స్కానర్ పెట్టిన ప్రతిసారీ వేరే సెన్సార్ పేరు చూపించినా, అనుభవమున్న మెకానిక్ ముందు ఎర్త్ చూడమంటాడు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. ఆ ఎర్త్ ఎక్కడ ఇవ్వాలి, ఎన్ని తీగలతో ఇవ్వాలి, బాగుందని ఎట్లా తేల్చాలి అన్న దగ్గర మాత్రం అభిప్రాయాలు చీలిపోయాయి. బాడీకి గట్టిగా బిగిస్తే చాలని కొందరు, నేరుగా బ్యాటరీ మైనస్‌కే కలపాలని కొందరు, ఇంజన్ మీద ఒకేచోట కలపాలని కొందరు, ఎన్ని తీగలు వేస్తే అంత మేలని మరికొందరు అంటారు.

ఈ నాలుగు వాదాల్లోనూ కొంత నిజం ఉంది. ఒక్కొక్కటీ ఒక్కో కాలపు బండిని, ఒక్కో రకం జబ్బును చూసి పుట్టింది. వాటిని పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే తేలేదేమంటే, బోల్టు ఎక్కడ బిగించారన్నదాన్ని బట్టి ఎర్త్ మంచిచెడ్డలు చెప్పలేం. కరెంటు పారుతున్నప్పుడు ఆ దారిలో ఎంత వోల్టేజీ పోతోంది, ఏ పరికరం వాడిన కరెంటు ఏ తీగలోంచి తిరిగి వస్తోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే చెప్పగలం. తయారీదారు గీసిన ఎర్త్ అమరికను యథాతథంగా కాపాడటం, దాని ఆరోగ్యాన్ని లోడు మీద కొలిచి చూడటం, ఈ రెండూ కలిస్తేనే సరైన పద్ధతి అవుతుందన్నది ఈ వ్యాసం నిలబెట్టదలచిన వాదన.

చర్చ పుట్టుక

మోటారు బండ్లు మొదలైన కొత్తలోనే ఒక పొదుపు మార్గం దొరికింది. ప్రతి బల్బుకూ రెండేసి తీగలు లాగే బదులు ఒక తీగ లాగి, తిరుగుదారిగా ఇనుప చట్రాన్నే వాడుకోవచ్చు. బ్యాటరీ ఒక కొసను బాడీకి కలిపితే సరిపోతుంది. బ్రిటిష్ కార్లలో 1960ల మధ్య వరకు ప్లస్ కొసనే బాడీకి కలిపేవారు; తరువాత మైనస్ కలపడం అంతటా స్థిరపడింది. ఆ కాలపు బండిలో ఉన్నవి బల్బులు, హారన్, సెల్ఫ్ మోటారు, డైనమో. తిరుగుదారిలో అర వోల్టు పోతే దీపం కాస్త మందగిస్తుంది, సెల్ఫ్ కాస్త బరువుగా తిరుగుతుంది. అంతకు మించి ఎవరికీ నష్టం లేదు. 'బాడీకి తగిలితే చాలు' అన్న వాదం ఈ కాలానిది, ఆ కాలానికి అది సరైనదే.

1967లో బాష్ సంస్థ ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వ్యాగన్ 1600 కారులో ప్రవేశపెట్టింది. 1979లో అదే సంస్థ మోట్రానిక్ పేరుతో ఇంధనాన్ని, ఇగ్నిషన్‌ను ఒకే డిజిటల్ పెట్టె కిందికి తెచ్చి బీఎండబ్ల్యూ 732ఐలో పెట్టింది. మన దేశంలో ఈ మార్పును తోసుకొచ్చినవి పొగ నిబంధనలు. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 నుంచి యూరో-1 స్థాయి ప్రమాణాలు దేశమంతా అమలయ్యాయి. బీఎస్-4 నిబంధనలు 2010లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్‌కు దేశమంతా వ్యాపించాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణాలు 2023 జనవరి నుంచి వర్తించాయి. కడప జిల్లా పల్లెల్లో పెట్రోలు కార్లతో ముందే కనిపించిన ఇంజన్ కంప్యూటర్, డీజిల్ సరుకు బండ్లలోకి ఆ తరువాత వచ్చింది. బల్బుల కాలపు అలవాటు, కంప్యూటర్ కాలపు అవసరం ఒకే షెడ్డులో ఎదురుపడ్డాయి. చర్చ చిక్కుపడింది ఇక్కడే.

కంప్యూటర్ దేన్ని సున్నా అనుకుంటుంది?

ముందుగా ఒక అపోహ తీసెయ్యాలి. మెట్ట ప్రాంతంలో బోరు మోటారుకు ఎర్త్ పెట్టాలంటే గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం నీళ్లు పోసి తడి నిలపాలి. నేల ఎండితే కరెంటు భూమిలోకి దిగదు. కారు ఎర్త్‌కు నేలతో పని లేదు. టైర్లు రబ్బరువి, బండి నేలతో విద్యుత్‌పరంగా తెగిపోయి ఉంటుంది. ఇక్కడ కావలసింది బ్యాటరీ ప్లస్ నుంచి బయలుదేరిన కరెంటు మైనస్‌కు తిరిగి చేరే దారి మాత్రమే. సీమ నేల ఎంత పొడిబారినా కారు ఎర్త్‌కు దానివల్ల ఏ తేడా రాదు.

ఆ తిరుగుదారికి కంప్యూటర్ వచ్చాక రెండో బాధ్యత మీద పడింది. సెన్సార్లలో ఎక్కువ భాగం 0 నుంచి 5 వోల్టుల మధ్య సంకేతం పంపుతాయి. ఆ సంకేతాన్ని కంప్యూటర్ తన ఎర్త్ పిన్నును సున్నాగా ఎంచి కొలుస్తుంది. 10 బిట్ల కొలమానంలో 5 వోల్టులు 1024 మెట్లుగా విడిపోతాయి. ఒక్కో మెట్టు సుమారు 5 మిల్లీవోల్టులు. ఎర్త్ 0.1 వోల్టు పైకి లేచిందంటే దాదాపు 20 మెట్ల తేడా, అంటే మొత్తం కొలతలో 2 శాతం. పాత రకం ఆక్సిజన్ సెన్సార్‌కు ఇది మరీ పెద్ద తప్పు. అది 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్యే తిరుగుతుంది, మిశ్రమం పలచనా చిక్కనా అన్నది 0.45 దగ్గర తేలుతుంది. సున్నా జరిగిన త్రాసులో ఎంత నిజాయితీగా తూచినా తూకం తప్పుతుంది. సెన్సార్ బాగున్నా స్కానర్ దాని పేరే చూపించడానికి, కొత్తది వేసినా జబ్బు తిరిగి రావడానికి కారణం ఇదే.

ఈ ప్రమాదం తయారీదారులకు తెలుసు. అందుకే చాలా ఈసీయూల్లో ఎర్త్ పిన్నులు ఒక్కటిగా ఉండవు. ఇంజెక్టర్లు, కాయిళ్ల బరువు కరెంటు పోయే పవర్ ఎర్త్ వేరు, సెన్సార్ల సంకేతాలు తిరిగివచ్చే సెన్సార్ ఎర్త్ వేరు. సెన్సార్ ఎర్త్ తీగలు బాడీకి తగలకుండా తిన్నగా కంప్యూటర్‌లోకే వస్తాయి. లోపల ఒకే ఒక్కచోట పవర్ ఎర్త్‌తో కలుస్తాయి. ఈ విడదీత వల్ల బాడీలో ఎంత కరెంటు పారినా సెన్సార్ సున్నా చెదరదు. రిపేరులో ఎక్కువగా పాడయ్యేది కూడా ఈ విడదీతే.

నాలుగు వాదాలు

మొదటిది బాడీ వాదం. కారు చట్రం పెద్ద ఇనుప రేకు కనుక ఏ సన్న తీగ కంటే మంచి వాహకమని, పెయింటు గీకి బోల్టు బిగిస్తే పని పూర్తవుతుందని దీని సారాంశం. రేకు విషయంలో అది నిజమే. బలహీనత అంతా అతుకుల్లో ఉంది. తీగ కొసన బోల్టుకు బిగించే లగ్గు కింద మిగిలిన పెయింటు, రేకుకూ రేకుకూ మధ్య తుప్పు, రాగికీ అల్యూమినియానికీ మధ్య తడి తగిలినప్పుడు మొదలయ్యే క్షయం, ఇవి కంటికి కనపడవు. పైగా ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. బాడీకీ ఇంజన్‌కూ మధ్య ప్రత్యేకంగా కేబుల్ ఉంటే తప్ప ఆ రెండింటికీ నమ్మదగిన విద్యుత్ సంబంధం ఉండదు.

రెండోది బ్యాటరీ వాదం. దారిలో ఎన్ని అతుకులుంటే అన్ని అనుమానాలు, కాబట్టి ఈసీయూ ఎర్త్‌ను నేరుగా మైనస్ పోస్టుకే కలపాలంటారు. అతుకులు తగ్గుతాయన్నది నిజం. కానీ తయారీదారు ఇచ్చిన పాత ఎర్త్ ఇంజన్ మీద అలాగే ఉండగా కొత్త తీగను బ్యాటరీకి కలిపితే, ఇంజన్ నుంచి బ్యాటరీకి కంప్యూటర్ మీదుగా ఇంకో దారి తెరుచుకుంటుంది. ఇంజన్ ప్రధాన కేబుల్ వదులైన రోజున సెల్ఫ్ కొడితే, నూరు నూటయాభై ఆంపియర్ల సెల్ఫ్ కరెంటు ఆ సన్న తీగల్లోంచి, కొన్నిసార్లు కంప్యూటర్ బోర్డులోంచే తిరిగి రావడానికి చూస్తుంది. ప్రధాన కేబుల్ తెగిన పాత బండ్లలో ఇదే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పారి దాన్ని వేడెక్కించి పాడుచేయడం మెకానిక్‌లకు తెలిసిన సంగతే. ఇంకొక చిక్కు కూడా ఉంది. బండి ఆగినప్పుడు ఇంజన్ దానంతటదే ఆగిపోయే ఐడిల్ స్టాప్ ఉన్న కొత్త కార్లలో మైనస్ పోస్టు మీదే కరెంటు కొలిచే సెన్సార్ ఉంటుంది. పోస్టుకు నేరుగా తీగ తగిలిస్తే ఆ కరెంటు కొలతకు అందదు, చార్జింగ్ లెక్క తప్పుతుంది.

మూడోది ఏక బిందు వాదం. అన్ని ఎర్త్‌లనూ ఇంజన్ బ్లాక్ మీద ఒక్కచోటే కలపాలని ఇది చెబుతుంది. 2001 ప్రాంతంలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూలు అమర్చుకునేవారిలో ఈ వాదానికి బలం ఎక్కువ. సెన్సార్లు, ఇంజెక్టర్లు, కాయిళ్లు అన్నీ ఇంజన్ మీదే ఉన్నాయి కనుక కంప్యూటర్ సున్నా కూడా అక్కడే ఉంటే తేడాలు తగ్గుతాయన్నది దీని తర్కం. నాలుగింటిలో శాస్త్రబలం ఎక్కువున్నది ఇదే. అయితే అది ఇంజన్ నుంచి బ్యాటరీకి పోయే కేబుల్ ఆరోగ్యం మీద ఆధారపడింది. వేడీ అదురూ ఎక్కువున్న చోట ఆ బోల్టు నిలవాలి.

నాలుగోది అదనపు తీగల వాదం. ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి లావు కేబుళ్లు నాలుగైదు వేస్తే పికప్ పెరుగుతుందని, మైలేజీ వస్తుందని చెప్పి కిట్లు అమ్ముతారు. పాతబడిన బండికి వేసినప్పుడు తేడా కనిపించిన మాట అబద్ధం కాకపోవచ్చు. పాత దారి పుచ్చిపోయి ఉంటే కొత్త తీగ దానికి బదులుగా పనిచేసింది, అంతే. దారి బాగున్న బండిలో పోయే వోల్టేజీ కొన్ని పదుల మిల్లీవోల్టులే అయినప్పుడు, ఎంత లావు తీగ వేసినా తిరిగి రాబట్టడానికి అక్కడ ఏమీ మిగలలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

బాడీ వాదం: బల్బులు, హారన్, మోటార్లకు చాలు, అతుకుల్లో దాగిన లోపాన్ని పట్టించుకోదు.

బ్యాటరీ వాదం: అతుకులు తగ్గిస్తుంది; పాత ఎర్త్‌తో కలిసి సెల్ఫ్ కరెంటుకు పక్కదారి తెరిచే ప్రమాదం తెస్తుంది.

ఏక బిందు వాదం: సెన్సార్ కొలతకు అన్నిటికంటే అనుకూలం, ప్రధాన కేబుల్ బలంగా ఉన్నంతవరకే.

అదనపు తీగల వాదం: పాడైన దారిని కప్పిపెడుతుంది, బాగున్న దారికి ఏమీ చేకూర్చదు.

నాలుగూ 'ఎక్కడ' అన్న ప్రశ్నకే జవాబు చెబుతున్నాయి. 'ఎంత' అన్న ప్రశ్న వేసినప్పుడు తగువు చాలావరకు తీరుతుంది.

తగువు తీర్చే కొలత

ఎర్త్ బాగుందా అని అడిగితే మల్టీమీటర్‌ను కంటిన్యుటీ మీద పెట్టి, బజర్ మోగగానే బాగుందనడం అలవాటు. ఈ పరీక్ష దాదాపు ఏమీ చెప్పదు. మల్టీమీటర్ వైర్ల నిరోధమే 0.1 నుంచి 0.3 ఓముల దాకా ఉంటుంది. సెల్ఫ్ కరెంటు 150 ఆంపియర్లు అనుకుంటే, దారిలో 0.01 ఓము చాలు, ఒకటిన్నర వోల్టు మాయమవడానికి. ఆ 0.01 ఓమును బజర్ పసిగట్టలేదు. తెగిపోగా ఒకే పోగు మిగిలిన తీగకు కూడా అది మోగుతుంది.

చేయవలసింది లోడు మీద వోల్టేజీ కొలవడం. మీటర్ నల్ల వైరును బ్యాటరీ మైనస్ పోస్టుకే, క్లాంపుకు కాకుండా, ఆనించాలి. ఎర్ర వైరును ఈసీయూ కప్లర్ తీయకుండా వెనకనుంచి ఎర్త్ పిన్నుకు ఆనించాలి. ఇంజన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి చూడాలి. తరువాత సెల్ఫ్ కొడుతూ చూడాలి. బండి నడుస్తున్నప్పుడు ఈసీయూ ఎర్త్ దగ్గర 0.1 వోల్టు దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ బ్లాక్‌కూ మైనస్‌కూ మధ్య 0.2 నుంచి 0.5 వోల్టుల దాకా తయారీదారును బట్టి అనుమతిస్తారు. హద్దు దాటితే పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి బాడీ, బాడీ నుంచి ఇంజన్, ఇంజన్ నుంచి ఈసీయూ బోల్టు అని ముక్కముక్కగా కొలుచుకుంటూ పోతే వోల్టేజీ ఎక్కడ పోతోందో ఆ అతుకు తనంతట తానే బయటపడుతుంది. ఆ ఒక్క అతుకును శుభ్రం చేసి బిగిస్తే చాలు, కొత్త తీగ అక్కరలేదు.

సీమ బండికి ఏది చేటు?

సముద్రతీరపు ఉప్పుగాలి లేకపోవడం కడప ప్రాంతపు బండ్లకు ఒక మేలు. తుప్పు నెమ్మదిగా పడుతుంది. అయితే ఇక్కడ వేరే శత్రువులున్నారు. ఎండాకాలపు వేడికి ఇంజన్ వేడి తోడై, చల్లారినప్పుడల్లా లోహాలు కుంచించుకుంటూ బోల్టు పట్టు సడలుతుంది. గుంతల రోడ్ల అదురు దాన్ని ఇంకా వదులు చేస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాయి దుమ్ము లగ్గుల సందుల్లో చేరుతుంది. ఈ దుమ్ము పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. బండిని వాటర్ సర్వీసింగ్‌కు పెట్టి, లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లతో ఇంజన్‌ను కడిగినప్పుడు ఆ దుమ్ము తడిసి, రాగి మీద చిలుము, ఇనుము మీద తుప్పు మొదలవుతాయి.

వెల్డింగ్ ఇంకా పెద్ద ముప్పు. పికప్ వెనక ఊచలు, లోడు బాడీ పక్కపలకలు బండి మీదే వెల్డింగ్ చేయించడం మామూలు. వెల్డింగ్ కరెంటు నూరు ఆంపియర్లు దాటుతుంది. దాని ఎర్త్ క్లాంపును అతికే చోటుకు దూరంగా తగిలిస్తే, ఆ కరెంటు బాడీ మొత్తం తిరిగి ఈసీయూ ఎర్త్ గుండా కూడా పోవచ్చు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూ కప్లర్ ఊడదీసి, క్లాంపును అతుకుకు పక్కనే బిగించడం తప్పనిసరి కావాలి. ఈ మూడు పనులకు పట్టే సమయం కొన్ని నిమిషాలే. కాలిపోయిన ఈసీయూ ఖర్చు చిన్న రైతుకు ఒక పంట లాభాన్ని మింగేస్తుంది.

వచ్చే అభ్యంతరాలు

'అదనంగా ఒక తీగ వేస్తే పోయేదేముంది, రాకపోతే రాలేదు' అన్నది మొదటి అభ్యంతరం. బాడీకీ ఇంజన్‌కూ మధ్య వేస్తే నిజంగానే పెద్దగా పోయేదేమీ లేదు. ఆ తీగను తెలియక సెన్సార్ ఎర్త్‌కు కలిపినప్పుడు మాత్రం తయారీదారు కష్టపడి విడదీసిన రెండు దారులు మళ్లీ ఒకటవుతాయి. హెడ్‌లైట్ల కరెంటు, ఫ్యాన్ కరెంటు సెన్సార్ తీగలోంచి తిరిగి రావడం మొదలవుతుంది. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఐడిలింగ్ ఊగిసలాడే వింత జబ్బు అప్పటినుంచి పట్టుకుంటుంది. సెన్సార్ ఎర్త్ జోలికి వెళ్లకూడదన్న ఒక్క నియమాన్ని గట్టిగా పాటించినా చాలా బండ్లు బాగుంటాయి.

'మీటర్ చూపేది నిలకడ వోల్టేజీనే, ఇగ్నిషన్ నాయిస్‌ను అది చూపదు' అన్నది రెండోది. ఇది బరువైన అభ్యంతరం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరు పొడవుకు నిరోధం 0.007 ఓమే. కానీ అదే తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర అది 6 ఓములకు పైగా అడ్డుపడుతుంది, అంటే దాదాపు వెయ్యి రెట్లు. అంచేత వోల్టేజీ పరీక్షలో నెగ్గిన ఎర్త్ నాయిస్ విషయంలో ఓడిపోవచ్చు. దీనికి విరుగుడు ఎర్త్ తీగను పొట్టిగా, వీలైతే వెడల్పైన అల్లిక పట్టీగా ఉంచడం. కాయిల్ వైర్లను సెన్సార్ వైర్లకు దూరంగా నడపడం. ఓసిల్లోస్కోప్ అవసరమైన కేసులు ఉంటాయి. అవి ఉన్నాయన్న కారణంతో, మామూలు మీటర్‌తో పట్టుబడే చాలా కేసుల్ని వదిలేయడం సబబు కాదు.

'ఇంత కొలిచే తీరిక, అంత డబ్బిచ్చే గిరాకీ చిన్న ఊళ్లో ఎక్కడుంది' అన్నది మూడోది. కొలత తెలిసిన చేతికి ఈ పరీక్ష పావుగంట పని. దాన్ని మానేసి సెన్సార్ తరువాత సెన్సార్ మార్చడమే బండి యజమానికీ మెకానిక్ పేరుకూ ఖరీదైన దారి.

ఇంకా తేలనివి

ఏక బిందువా, బహు బిందువులా అన్నది విద్యుత్ నాయిస్ శాస్త్రంలోనే పూర్తిగా ముగిసిన చర్చ కాదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెన్రీ ఆట్ లాంటి నిపుణులు తక్కువ పౌనఃపున్యాలకు, స్థూలంగా ఒక మెగాహెర్ట్జ్ లోపు, ఒకే బిందువు మేలని, 10 మెగాహెర్ట్జ్ దాటితే ఎన్నో చోట్ల కలపడం మేలని సూత్రీకరించారు. కారు కంప్యూటర్‌కు రెండు రకాల సంకేతాలతోనూ పని ఉంది కనుక మధ్యేమార్గం ప్రతి మోడల్‌లోనూ వేరుగా ఉంటుంది. అతుకుల మీద గ్రీజు రాయాలా, పళ్ల వాషర్ వాడాలా అన్న విషయాల్లో కూడా తయారీదారుల సూచనలు ఒకటిగా లేవు.

కొత్త బండ్లు ప్రశ్న రూపాన్నే మారుస్తున్నాయి. బండిలోని కంప్యూటర్లను కలపడానికి బాష్ 1986లో ప్రకటించిన క్యాన్ నెట్‌వర్క్ రెండు తీగల మధ్య తేడాను చదువుతుంది కాబట్టి ఎర్త్‌లో ఒకటి రెండు వోల్టుల తేడాను తట్టుకుంటుంది. దానివల్ల ఎర్త్ పాడైనా కంప్యూటర్లు మాట్లాడుకుంటూనే ఉంటాయి, జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. విద్యుత్ కార్లలో పెద్ద బ్యాటరీని అసలు బాడీకే కలపరు. అది బాడీకి తగలలేదని కంప్యూటర్ నిరంతరం చూసుకుంటూ ఉంటుంది. అదే కారులో 12 వోల్టుల భాగం మాత్రం పాత పద్ధతిలో బాడీ మీదుగానే నడుస్తుంది. ఒకే షెడ్డులో రెండు వ్యతిరేక నియమాలు తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న సమాచారానిది. ఏ పిన్ను పవర్ ఎర్త్, ఏది సెన్సార్ ఎర్త్ అన్నది వైరింగ్ బొమ్మ చూస్తేగానీ తెలియదు. విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు న్యాయస్థానాలకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, దాని పరిధిలో మోటారు బండ్లను, వ్యవసాయ యంత్రాలను చేర్చింది. రాయలసీమలోనే తిరుపతి దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు, 2019 నుంచి పెనుకొండ దగ్గర కార్లు తయారవుతున్నాయి. తయారీ ఇంత దగ్గరికి వచ్చిన సీమలో, ఆ బండ్ల వైరింగ్ బొమ్మలు ప్రతి మండల కేంద్రంలోని మెకానిక్‌కూ అందుబాటు ధరలో, వీలైతే తెలుగులో దొరకాలని కోరడం న్యాయమే.

ఈలోగా ఆచరణకు ఒక క్రమం స్పష్టంగా ఉంది. తయారీదారు పెట్టిన ఎర్త్ బిందువులను మార్చకూడదు. సెన్సార్ ఎర్త్‌ను దేనికీ కలపకూడదు. ఇంజన్ కేబుల్, బాడీ కేబుల్ అతుకులను శుభ్రం చేసి బిగించాలి. తరువాత లోడు మీద కొలవాలి. కొలతలో లోపం తేలితేనే తీగ మార్చాలి, తేలకపోతే వేరే కారణం వెతకాలి. ఐటీఐల మోటార్ మెకానిక్ కోర్సుల్లో ఈ వోల్టేజీ పరీక్షను ప్రతి విద్యార్థి చేత స్వయంగా చేయించి, అది వచ్చిందని చూశాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. మిగతా ప్రశ్నలను శాస్త్రం, చట్టం తమ తీరికలో తేల్చుకోవచ్చు. ఈ కొలత మాత్రం వాటి కోసం ఆగనక్కరలేదు.